జులై నాలుగు ఎవరిది?

పత్రికల్లో ఓ మూల ‘చరిత్రలో ఈ రోజు’ అని చిన్న పెట్టె వేస్తుంటారు. జులై 4 నాటి పెట్టె చూడండి. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అని మొదటి పంక్తి. ఆ ప్రకటన రాసిన జెఫర్సన్, దానికోసం వాదించిన ఆడమ్స్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్ళకు, 1826లో, అదే తేదీన కన్నుమూశారని రెండో పంక్తి. వింతే, కాదనం. తర్వాత 1897లో అల్లూరి సీతారామరాజు జననం, 1902లో వివేకానందుడి మరణం. కడవెండి దగ్గరకొచ్చేసరికి మాత్రం చాలాసార్లు పెట్టెలో చోటు చాలదు!

కూలినాలి జనం ఈ తేదీని ఎట్లా చదువుకోవాలన్నదే మా ప్రశ్న.

మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో రాసిన పెద్దమనిషి పొలాల్లో పనిచేసింది బానిసలు. ఆయన జీవితకాలంలో వందలమందికి యజమాని. కాగితం మీద సమానత్వం వచ్చింది, చేలో కొరడా అట్లాగే ఉండిపోయింది. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది, అదీ అంతర్యుద్ధం జరిగాక. మధ్యలో న్యూయార్క్ రాష్ట్రం 1827 జులై 4 నుంచి బానిసత్వం లేదని చట్టం అమలు చేసింది. అయినా న్యూయార్క్ నగరపు నల్లజాతి జనం ఊరేగింపు ఆ రోజు తీయలేదు, మర్నాడు 5న తీశారు. తేదీ ఎవరిదో వాళ్ళకు బాగా తెలుసు.

ఇక 1946కు వద్దాం. ఆ ఏడు జులై 4న లోకంలో రెండు సంగతులు జరిగాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు తక్కువ.

ఒకటి ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో. అమెరికా జెండా దించారు, ఫిలిప్పీన్స్ జెండా ఎగరేశారు. తమ స్వాతంత్ర్య దినాన్నే అమెరికన్లు ఆ దేశానికీ స్వాతంత్ర్య దినంగా ఇచ్చారు. ఇచ్చిన చేత్తోనే ఇంకోటి పుచ్చుకున్నారు. ఆ దేశపు గనుల్లో, అడవుల్లో, భూముల్లో అమెరికన్లకు సమాన హక్కు ఉండాలన్న బెల్ చట్టాన్ని, జెండా ఎగరడానికి రెండు రోజుల ముందు, జులై 2న అక్కడి కాంగ్రెసు చేత ఒప్పించారు. యుద్ధంలో బూడిదైపోయిన దేశం అది. నష్టపరిహారం డబ్బు కావాలంటే ఈ షరతుకు తలూపాల్సిందే అన్నారు. ఆకలిగొన్నవాడి ముందు అన్నం పళ్ళెం పెట్టి వేలిముద్ర వేయించుకోవడం మన ఊరి షావుకారుకే తెలుసనుకుంటాం గానీ, పెద్ద దేశాలకూ తెలుసు.

ఆ హక్కు కోసం రాజ్యాంగాన్నే మార్చాలి. అందుకు నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. సెంట్రల్ లూజాన్ అనే వరి ప్రాంతంలో సగపాలు కౌలుదార్లు ఏప్రిల్ 1946 ఎన్నికల్లో తమవాళ్ళను ఆరుగురిని గెలిపించుకున్నారు. వాళ్ళలో లూయిస్ తారుక్ ఒకడు, జపాన్ సేనల మీద పోరాడిన హుక్ దళాల నాయకుడు. ఆ ఆరుగురినీ సభలో కూర్చోనివ్వలేదు. వాళ్ళు కూర్చుని ఉంటే సవరణ నెగ్గేది కాదని చరిత్రకారులు చాలామంది రాశారు. ఆగస్టులో రైతు నాయకుడు హువాన్ ఫెలియోను ఎత్తుకుపోయి చంపారు. దాంతో పోరు రాజుకుని 1954 దాకా నడిచింది. పండించినదాంట్లో సగం దొరకు కొలవడం మాత్రం జెండా మారినా ఆగలేదు.

రెండో సంగతి మన జనగామ దగ్గరి కడవెండిలో. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశారు. వెట్టి, నాగు వడ్డీ, బేదఖల్ – ఇవన్నీ ఆ గడీ చుట్టూ తిరిగేవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను గుంజుకోబోయింది కూడా ఈ దొరే. సంఘం అడ్డం నిలబడి పంటను ఆమె ఇల్లు చేర్చింది. ఆ కక్షతో దొర గూండాలు సంఘం మనుషుల మీద పడటం మొదలెట్టారు. జులై 4న కడవెండి జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా కదిలారు. గడీ దగ్గరకు రాగానే తుపాకులు పేలాయి. గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడు దొడ్డి కొమరయ్య, ఇరవై ఏళ్ళు కూడా నిండనివాడు, అక్కడే ఒరిగిపోయాడు. అన్న మల్లయ్యకు దెబ్బ తగిలింది. జనం చెదిరిపోలేదు సరిగదా, గడీనే చుట్టుముట్టారు. ఆ మీదట ఊరు వెంట ఊరు కదిలింది. వెట్టి చేయం పొమ్మన్న మాట నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో వందల ఊళ్ళకు పాకింది. 1951లో విరమించేనాటికి మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన పోరాటం అదని సుందరయ్య రాశారు.

మనీలాలో జెండా మారింది, దొర మారలేదు. కడవెండిలో జెండా నిజాందే, కానీ దొర గడీ విడిచి పారిపోయే రోజులు వచ్చాయి. ఏది స్వాతంత్ర్యానికి దగ్గర? మన దేశంలో అధికారం మారింది ఆ మర్నాటి ఏడు. ఎవరు ఏ భూమికి హక్కుదారన్న ప్రశ్నను అప్పుడు ఎంతవరకు ముట్టుకున్నారో కౌలు చేసేవాళ్ళను అడిగితే చెబుతారు.

సీతారామరాజు సంగతీ చెప్పుకోవాలి. 2022లో ఇదే తేదీన భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం పెట్టారు. మంచిదే. కానీ మన్యంలో 1922లో నిప్పు దేనివల్ల అంటుకుంది? పోడు కొట్టుకోనివ్వని అడవి చట్టం, రోడ్డు పనిలో గిరిజనులకు సరైన కూలి ఇవ్వని గూడెం తహశీలుదారు – అసలు తగువు అక్కడ! ఏ దండ వేసిన నాయకుడి ఉపన్యాసంలోనూ ఆ కూలి మాట మేము వినలేదు. కొమరయ్యకు కూడా ఇప్పుడు ప్రభుత్వ దండలు పడుతున్నాయి. భూమి మాట పక్కకు పోయి, కులానికో విగ్రహంగా పంచుకోవడం మిగులుతోంది.

ఫిలిప్పీన్స్ వాళ్ళు 1962లో ఆ తేదీని వదిలేశారు. 1898లో తామే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న జూన్ 12ను పండుగ చేసుకున్నారు. మనం జులై 4ను వదలాల్సిన పనిలేదు. కాకపోతే, సంఘాల మిత్రులకు ఒక మాట. జులై మొదటివారమంటే నారుమళ్ళు, పత్తిచేలో కలుపు. పొద్దున పదింటికి సభ పెడితే ఆడవాళ్ళకు రోజు కూలి పోతుంది, వేదిక ముందు మనమే మిగులుతాం. పనులు దిగాక, దీపాలు పెట్టే వేళకు, కూలోళ్ళ వాడలోనే పెట్టండి. దండ వేయడం అయిదు నిమిషాల్లో ముగించి, ఈ ఏడు కలుపు కూలి ఎంత అడగాలో, కౌలు ఎంత తగ్గించమనాలో ఆ సభలోనే తేల్చండి.