అద్దె ఇళ్లపై మదుపు: పెద్ద వీధి మోజు గిట్టుబాటు కాదు

అమలాపురం: కొబ్బరికి మంచి ధర పలికిన ఏడాది లాభంలో కొంత ఇటుక, సిమెంటులోకి మళ్లడం కోనసీమలో ఆనవాయితీ. 2025లో కాయ ధర బాగా పెరిగింది. అంతకు ముందే, 2022 ఏప్రిల్ 4న, అమలాపురం జిల్లా కేంద్రమైంది. కొత్తపేటకు రెవెన్యూ డివిజను వచ్చింది. వర్తకుల చూపు అద్దె ఇళ్ల మీద పడటంలో ఆశ్చర్యం లేదు. అయితే ఏ పేటలో కొనాలి, ఏ సొమ్ముతో కొనాలి అన్న రెండు ప్రశ్నలు తేల్చుకోకుండా బయానా ఇవ్వడం మంచిది కాదు.

పట్టణంలోని ఇళ్లను మూడు తరగతులుగా చూడవచ్చు. గడియారస్తంభం పరిసరాల్లోని పెద్ద వీధులు మొదటి తరగతి. ఈదరపల్లి, కామనగరువు వైపు విస్తరిస్తున్న కాలనీలు రెండవది. పల్లపు ప్రాంతాల్లోని వరుస గదులు, రేకుల ఇళ్లు మూడవది.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి తరగతిలో రూ.80 లక్షల ఇంటికి నెలకు రూ.18,000 అద్దె వస్తే, ఏడాదికి రూ.2,16,000. పన్ను, మరమ్మతులకు రూ.16,000 పోతే నికర రాబడి రెండున్నర శాతం. రెండవ తరగతిలో రూ.40 లక్షల ఇంటికి రూ.12,000 అద్దె. ఒక నెల ఖాళీ, మరో రూ.12,000 ఖర్చు తీసివేసినా 3 శాతం మిగులుతుంది. మూడవ తరగతిలో రూ.15 లక్షలకు మూడు వాటాలు, ఒక్కొక్కటి రూ.2,500. కాగితం మీద ఇది 6 శాతం. కాని రెండు నెలల ఖాళీ, ఒక నెల బాకీ, మోటారు, కప్పు మరమ్మతులకు రూ.27,500 పోతే చేతికి దక్కేది రూ.40,000 మాత్రమే. అంటే 2.7 శాతం కంటే తక్కువ. వసూలుకు తిరిగే శ్రమ అదనం.

పెద్ద వీధికి ఇంకొక చిక్కు ఉంది. రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తిపన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద నిర్ణయించే పద్ధతి వచ్చింది. స్థలం ఖరీదు పెరిగినంతగా అద్దె పెరగని చోట ఈ భారం యజమానిపైనే పడుతుంది. ఆదాయపు పన్నులో మరమ్మతుల నిమిత్తం లభించే 30 శాతం మినహాయింపు మూడు తరగతులకూ ఒక్కటే.

మూడవ తరగతికి వరద గండం కూడా ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చింది. చౌకగా వచ్చిందని కొనే ముందు ఆ ఏడాది నీరు ఎంతవరకు వచ్చిందో, కాలువలు కట్టివేసిన వేసవిలో మంచినీటి సంగతేమిటో ఇరుగుపొరుగును అడగాలి.

రాజోలు వైపు చమురు, గ్యాసు పనుల మీద వచ్చేవారు మంచి అద్దే ఇస్తారు. పని ముగిస్తే ఇల్లు ఖాళీ. కొత్తపేటలో అద్దె తక్కువైనా, బదిలీపై ఒక ఉద్యోగి వెళితే మరొకరు వస్తారు. నిలకడ చూసుకునేవారికి ఇదే మేలు.

అసలు ప్రశ్న సొమ్ము ఎక్కడిదన్నది. సరుకు కొనుగోలుకు తిరగవలసిన రొక్కాన్ని గోడల్లో పెట్టి, సీజనులో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే, అది ఏడాదికి 24 శాతం. ఇంటి మీద 3 శాతం తెచ్చుకుంటూ సరుకు మీద 24 శాతం కట్టడం వ్యాపారం అనిపించుకోదు. స్థలం ధర పెరుగుతుంది కదా అని వాదించేవారు ఉన్నారు. పెరగవచ్చు. కాని ఆ లాభం అమ్మిననాడే చేతికి వస్తుంది. అంబాజీపేటలో రైతుకు ఇవ్వవలసిన పైకం అంతవరకు ఆగదు.

కాబట్టి రెండు సీజన్లు అవసరం పడని మిగులు సొమ్ముతోనే ఇల్లు కొనాలి. రెండవ తరగతి పేటలో, మెరక స్థలంలో, నెల జీతగాళ్లు అద్దెకు దిగే ఇల్లు చూసుకోవాలి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. అంతకు మించిన ఆశతో పెద్ద వీధిలో మేడ కొన్నవారికి పరువు దక్కవచ్చు గాని, వడ్డీ గిట్టదు.