పసిబిడ్డతో సాగరతీరానికి

సెలవులు దగ్గరపడగానే మన ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. కొత్తగా తల్లిదండ్రులైన దంపతులు పసిబిడ్డను తీసుకుని ఒకసారి సముద్రతీరానికి వెళ్ళి రావాలని ఉబలాటపడతారు. దాదీ, నానీ వెంటనే అడ్డు చెబుతారు. పాలు తాగే బిడ్డకు ఉప్పుగాలి పడదనీ, నజర్ తగులుతుందనీ, చిల్లా తీరినంత మాత్రాన బాలింత ఊళ్ళు తిరగరాదనీ వారి వాదన. కాలం మారిందనీ, నాలుగు గోడల మధ్య ఎన్నాళ్ళు కూర్చోగలమనీ యువదంపతుల సమాధానం. ఇరుపక్షాలలోనూ ఉన్నది బిడ్డపై మమకారమే. ఆ మమకారానికి ధర్మజ్ఞానం, లోకజ్ఞానం తోడైతే చర్చ తగవుగా మారదు.

నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాల పాఠకులకు ఈ విషయం మరీ దగ్గరిది. ఒక ప్రక్క పులికాట్ సరస్సు, మరొక ప్రక్క బంగాళాఖాతం, నడుమ శ్రీహరికోట దీవి. పిలిస్తే పలికేటంత దూరంలో సముద్రం ఉన్నవారికి వెళ్ళాలన్న కోరిక కలగడం సహజం. ఈ నెల ఆ ప్రయాణాన్ని గురించే ఆలోచిద్దాం.

ప్రయాణానికి కొలత ఎవరు?

కుటుంబంతో కలిసి ఉల్లాసంగా గడపడం ధర్మవిరుద్ధమని కొందరు భావిస్తారు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసుకున్నారని అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. ఇంటివారిని సంతోషపెట్టడం ఆయన సంప్రదాయం. అదే సమయంలో, ప్రయాణం అనేది శిక్షలో ఒక భాగమనీ, అది మనిషి అన్నపానీయాలకూ నిద్రకూ ఆటంకమవుతుందనీ, పని ముగియగానే త్వరగా ఇల్లు చేరాలనీ కూడా ఆయన హితవు చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ బోధ ఉంది. పెద్దవారికే నిద్రాహారాలను దూరం చేసే ప్రయాణం, రెండు మూడు గంటలకొకసారి పాలు తాగి నిద్రపోయే శిశువుకు ఎంత భారమో ఊహించవచ్చు.

మరి తూకం ఎక్కడ ఉంది? హజ్రత్ ఉస్మాన్ బిన్ అబుల్ ఆస్ (రజి)ను ఆయన జాతివారికి ఇమాముగా నియమించినప్పుడు, వారిలో అందరికంటే బలహీనుడైన వానిని దృష్టిలో ఉంచుకుని నమాజు చేయించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు పడే ఆవేదనను ఎరిగి తమ నమాజునే ఆయన క్లుప్తం చేసేవారు. సామూహిక నమాజుకే బలహీనుడు కొలత అయినప్పుడు విహారయాత్రకు కొలత ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ప్రయాణంలో అందరికంటే బలహీనుడు శిశువు. ఆ తరువాత బాలింతరాలైన తల్లి. ఎప్పుడు బయలుదేరాలి, ఎంత దూరం వెళ్ళాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్న మూడు ప్రశ్నలకూ వీరిద్దరి స్థితిని బట్టే జవాబు చెప్పుకోవాలి.

ఎక్కడికి, ఎప్పుడు?

శ్రీహరికోట పేరు వినగానే రాకెట్టు, సముద్రం రెండూ ఒకేచోట చూడవచ్చని చాలామంది అనుకుంటారు. డాక్టర్ అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరుగా ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు 1980 జూలై 18న ఇక్కడి నుంచే విజయవంతంగా ఎగిరింది. ఆ గడ్డను చూడాలన్న అభిమానం మన కుటుంబాలలో సహజంగానే ఉంది. అయితే సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం ఉన్న ఆ దీవి భద్రతా వలయంలోని ప్రదేశం. అక్కడి తీరం విహారస్థలం కాదు. 2019లో ప్రారంభమైన సందర్శకుల గ్యాలరీకి ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్ళాలి. ప్రయోగం నాడు జనసమ్మర్దం, ఎండ, గంటల తరబడి నిరీక్షణ తప్పవు. ఆరు నెలల బిడ్డకు రాకెట్టు అక్కరలేదు. చూడాలన్న కోరిక మనది. చూడాలనే ఉంటే 18 కిలోమీటర్ల దూరంలోని సూళ్ళూరుపేట నుంచే ఆకాశంలో ఆ వెలుగు కనబడుతుంది. ధ్వని ఒక కిలోమీటరు సాగడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కనుక వెలుగు కనిపించిన చాలాసేపటికి గాని ఉరుము వంటి ఆ శబ్దం చేరదు. ఆ వ్యవధిలో బిడ్డ చెవులను అరచేతులతో మూయవచ్చు.

సముద్రం చూడాలనుకునేవారికి నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో మైపాడు తీరం, వాకాడు మండలంలో తూపిలిపాళెం తీరం ఉన్నాయి. తొలి ప్రయాణం ఇంటికి ఎంత దగ్గరైతే అంత మేలు. రాత్రి బస అవసరం లేని ప్రయాణమైతే మరీ మేలు. అలల కంటే ప్రశాంతమైన దృశ్యం కోరుకునేవారు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సాగే బాటలో, సరస్సుకు ఇరువైపులా శీతకాలంలో దిగే ఫ్లెమింగోలను వాహనంలో కూర్చునే చూడవచ్చు. ఒడిలోని బిడ్డకు ఎండా తగలదు, ఇసుకా తగలదు.

పాఠశాలల సెలవులు వేసవిలో వస్తాయి. రోహిణి కార్తె ఎండలో పసిబిడ్డను ఇసుక మీదికి తీసుకువెళ్ళడం ఎంత మాత్రం తగదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు, తుఫానుల కాలం. జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ తీరానికి అనుకూలం. బయలుదేరే ముందు వాతావరణ శాఖ సూచనలనూ, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ వెలువరించే అలల హెచ్చరికలనూ తప్పక చూడాలి. ఇక బిడ్డ వయసు సంగతి. 6, 10, 14 వారాలలో వేయించవలసిన టీకాలు ప్రయాణం కారణంగా తప్పిపోరాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, బరువు తక్కువగా ఉన్న బిడ్డ విషయంలో వైద్యుని మాటే తుదిమాట.

తల్లికి దక్కవలసినది

తల్లులు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడాన్ని ప్రస్తావించిన అల్ బఖరా సూరా 233వ వాక్యంలోనే అల్లాహ్ తండ్రి బాధ్యతను కూడా నిర్దేశించాడు. తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిదే. బిడ్డ కారణంగా తల్లికి గాని, తండ్రికి గాని కష్టం కలిగించరాదని అక్కడే స్పష్టం చేశాడు. ఈ ఆదేశం వెలుగులో మన విహారయాత్రలను ఒకసారి చూసుకోవాలి. ఇంటిల్లిపాదికీ వంట చేసి, డబ్బాలు సర్ది, దారి పొడవునా బిడ్డను మోసి, తీరంలో అందరికీ వడ్డించి, తిరిగి వచ్చి బట్టలు ఉతికే ఆ స్త్రీకి అది విహారమా, అదనపు చాకిరీయా? భర్త బిడ్డను ఎత్తుకోవాలి. వంట పని పదిమందీ పంచుకోవాలి. తల్లి ఒక గంటసేపు గాలి పీల్చుకుంటూ కూర్చోగలిగితేనే ఆ ప్రయాణానికి అర్థం.

ప్రసవం తరువాత కొందరు స్త్రీలకు కారణం తెలియని దిగులు ఆవరిస్తుంది. నిద్ర పట్టదు, ఏడుపు ఆగదు, బిడ్డపైనే మనసు నిలవదు. దీనిని ఈమాన్ లోపమని నిందించడం అన్యాయం. కాస్త బయటి గాలి, ఇష్టమైనవారి తోడు మేలు చేస్తాయి. ఆ దిగులు రెండు వారాలకు మించి సాగితే మాత్రం విహారం చికిత్స కాజాలదు; వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

ఆరు నెలలలోపు శిశువుకు తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేదు. ఎండాకాలంలో సైతం మంచినీళ్ళు పట్టనక్కరలేదు. నీళ్ళు ఎక్కువగా తాగవలసినది తల్లి. ఆమె పాలివ్వడానికి చాటు ఎక్కడ ఉందో ముందే చూసుకోవడం భర్త బాధ్యత. పర్దా విషయంలోనూ ఒక మాట. షరీఅత్ కోరినది శరీరాన్ని కప్పే వదులైన వస్త్రం. అది నల్లరంగుదే కావాలన్న నియమం లేదు. లేతరంగు నూలు వస్త్రం ఎండకు సుఖం. తడిసిన బుర్ఖా బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది కనుక బిడ్డను ఎత్తుకుని ఎవరూ అలలలోకి దిగరాదు.

శిశువు చర్మం ఎండకు ఓర్వలేదు. ఆరు నెలలలోపు పిల్లలకు ఎండ నుంచి కాపాడే క్రీములు సాధారణంగా సిఫారసు చేయరు; నీడ, టోపీ, పలుచని నూలు బట్టలే రక్షణ. ఓణీతో గాని, దుప్పటితో గాని బిడ్డ ముఖాన్ని కప్పివేయరాదు. లోపల వేడి పెరిగి ఊపిరి ఆడదు. మూత్రం తగ్గడం, మాడు లోతుకు దిగడం, పాలు తాగక మగతగా పడి ఉండడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుని చేరాలి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వచ్చినా అంతే.

నీరు, నమాజు, కాపలా

తల్లి, శిశువు, నీరు ఈ మూడూ కలిసిన ఒక సన్నివేశాన్ని అల్లాహ్ అల్ ఖసస్ సూరాలో మన ముందుంచాడు. హజ్రత్ మూసా (అ) తల్లికి ముందుగా బిడ్డకు పాలివ్వమనీ, ప్రమాదం శంకించినప్పుడు నదిలో వదలమనీ, దిగులు పడవద్దనీ, అతనిని తిరిగి ఆమె వద్దకే చేరుస్తామనీ ప్రేరణ కలిగింది. ఇంతటి వాగ్దానం పొందిన ఆ తల్లి ఏం చేసింది? బిడ్డ వెంట వెళ్ళి చూడమని అతని అక్కను పంపింది. ఆ బాలిక ఎవరికీ అనుమానం రాకుండా దూరం నుంచి కనిపెట్టి ఉంది. దైవవాగ్దానం ఉన్నచోటనే చూపు మరల్చలేదంటే, అటువంటి వాగ్దానమేదీ లేని మనం ఫోనులో బొమ్మలు తీసుకుంటూ బిడ్డను ఇసుకలో వదలడం తవక్కుల్ అనిపించుకోదు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్న ప్రవక్త (స) బోధ సారం ఇదే.

మన తీరంలో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఇక్కడ సముద్రం తూర్పున ఉంది. ఖిబ్లా పడమటి దిక్కుగా, కాస్త ఉత్తరానికి ఉంది. అంటే తీరంలో నమాజుకు నిలబడినవారందరి వీపూ సముద్రం వైపే ఉంటుంది. కుటుంబమంతా ఒకేసారి జమాఅతుగా నిలబడితే పిల్లలూ నీరూ చూపుకు అందవు. అల్లాహ్ అన్నిసా సూరా 102వ వాక్యంలో, శత్రుభయం ఉన్నప్పుడు ఒక వర్గం నమాజు చేస్తుండగా మరొక వర్గం కాపలా కాయాలని నేర్పాడు. తీరంలో శత్రువు లేకపోవచ్చు. ఆ పద్ధతిలోని వివేకం మాత్రం మనకు పనికివస్తుంది. ఒకరు నమాజు ముగించాక మరొకరు మొదలుపెట్టాలి. ఒంటరిగా ఉన్నవారు బిడ్డను ఎత్తుకునే నమాజు చేయవచ్చు. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేసి, సజ్దాకు వెళ్ళేటప్పుడు క్రిందికి దించేవారు. నమాజు మధ్యలో బిడ్డ నీటివైపు పోవడం గమనిస్తే నమాజును విడిచి పరుగెత్తి కాపాడడం విధి.

తీరంలో తరచుగా ఎదురయ్యే మరికొన్ని ధర్మసందేహాలు ఉన్నాయి. సముద్రపు నీరు పరిశుద్ధం; దానితో వుజూ చెల్లుతుంది. నీరు ఉప్పగా ఉందని ఇసుకతో తయమ్ముమ్ చేయడం సరికాదు. అయితే వుజూ కోసం అలలలోకి దిగడం కంటే ఒక డబ్బాలో మంచినీళ్ళు వెంట తీసుకువెళ్ళడం క్షేమం. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం పాలు తాగే బిడ్డ మూత్రం తగిలినా వస్త్రాన్ని కడగాలి. నమాజుకు వేరే వస్త్రం ఉంచుకుంటే చిక్కు ఉండదు. దాదాపు 78 కిలోమీటర్లు, అంతకు మించిన ప్రయాణానికే ఖస్ర్ వర్తిస్తుంది. నెల్లూరు నుంచి సూళ్ళూరుపేటకు వచ్చినవారు, అక్కడ పదిహేను రోజులకు తక్కువే ఉండేటట్లయితే, నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. గూడూరు నుంచి వచ్చినవారు, మైపాడుకు వెళ్ళిన నెల్లూరువారు పూర్తి నమాజు చేస్తారు.

దాదీమాటకూ చోటు ఉంది

పెద్దల భయాలను మూఢనమ్మకమని కొట్టిపారవేయరాదు. నజర్ సత్యమే. దానికి నల్లదారాలు, తాయెత్తులు విరుగుడు కావు. హజ్రత్ ఇబ్రాహీం (అ) తమ కుమారుల కోసం శరణు వేడినట్లే దైవప్రవక్త (స) హసన్, హుసైన్‌ల (రజి) కోసం అల్లాహ్ శరణు కోరేవారు. ఆ దుఆను నేర్చుకుని బిడ్డపై చదవాలి. పొద్దుగుంకే వేళ పిల్లలను బయట తిరగనివ్వవద్దని కూడా ఆయన ఆదేశించారు. చీకటి పడితే అల కనబడదు; సరస్సు ఒడ్డున దోమలు ముసురుతాయి. దాదీ చెప్పే మాటలో ఈ వివేకం ఉంది.

కనుక అసర్ నమాజు వేళకు తీరం చేరండి. అప్పటికి సరుగుడు చెట్ల నీడ సముద్రం వైపు సాగుతూ ఉంటుంది. అల అందని చోట చాప పరచుకోండి. బిడ్డ అరికాలికి తడి ఇసుక ఒకసారి తాకితే చాలు. తొలిసారికి అంతకు మించిన సముద్రస్నానం అవసరం లేదు. మగ్రిబ్‌కు ముందే లేవండి. వీలైతే దాదీనీ, నానీనీ వెంట తీసుకువెళ్ళండి. బిడ్డను కనిపెట్టి ఉండే కళ్ళు రెండు పెరుగుతాయి. సముద్రం చూడాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటూ నోరు తెరిచి అడగని వారి కోరికా తీరుతుంది.

మన సంతానాన్ని అల్లాహ్ మన చేతులలో ఉంచిన అమానతుగా కాపాడుకునే వివేకాన్నీ, మన ఇంటి బలహీనుల అడుగుతో అడుగు కలిపి నడిచే ఓర్పునూ ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.