మాటల మూట: నల్లగొండలో దాగిన మాటలు



ఇంగ్లీషు మాటలంటే బట్టీపట్టడమేనని మీలో చాలామందికి భయం. ఈ నెల ఒక ఆట ఆడి ఆ భయాన్ని కాస్త వదిలించుకొందాం. పలకా బలపమూ ఉంటే చాలు.

నల్లగొండ పేరును ఇంగ్లీషులో వ్రాయండి. ఎన్, ఏ, ఎల్, జీ, ఓ, ఎన్, డీ, ఏ: మొత్తం 8 అక్షరాలు. వీటితో ఎన్ని ఇంగ్లీషు మాటలు కట్టగలరు? నియమం ఒక్కటే. ఏ అక్షరాన్నయినా పేరులో ఉన్నన్నిసార్లే వాడాలి. ‘గోల్’ వస్తుంది. ‘గుడ్’ మాత్రం రాదు. దానికి రెండు ఓలు కావాలి, మన దగ్గర ఉన్నది ఒక్కటే.

అక్షరాలను అటూ ఇటూ మార్చి చూస్తే చాలదా అంటారా? 8 అక్షరాలూ వేరువేరయితే 40,320 విధాలుగా వరుస పెట్టవచ్చు. ఇక్కడ ఏలు రెండు, ఎన్‌లు రెండు కనుక దానిని నాలుగుతో భాగించాలి. 10,080 వస్తుంది. నిమిషానికి పది చొప్పున వ్రాసినా దాదాపు 17 గంటలు! అందుచేత ఉపాయం కావాలి.

మొదటి ఉపాయం: అక్షరాలను గుండ్రంగా వ్రాయండి. వరుసగా ఉంటే కంటికి పాత పేరే కనిపిస్తుంది. రెండవది: అచ్చులను విడదీయండి. ఇక్కడ అవి ఏ, ఓ. మూడవది: మాటల చివర కలిసి వచ్చే జంటలను వెతకండి. ఎన్-డీ, ఎన్-జీ, ఎల్-డీ అటువంటివే.

ఇప్పుడు చూడండి. ఎన్-డీ ముందు ఏ పెడితే ‘అండ్’. దాని ముందు ఎల్ పెడితే ‘లాండ్’, అంటే భూమి. ఇంకా ముందు జీ పెడితే ‘గ్లాండ్’, అంటే గ్రంథి. ఎల్-డీ ముందు ఓ పెడితే ‘ఓల్డ్’, అంటే పాతది. దానికి జీ చేరిస్తే ‘గోల్డ్’, బంగారం! పాతది బంగారమయింది, చూచారా? ఎన్-జీతో ఏమేమి వస్తాయో మీరే చూడండి.

నల్లగొండ పేరులో భూమి దాగి ఉండటం కాకతాళీయమే. కాని 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అప్పటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చినప్పుడు, భూమిలేని పేదలు ఆయనను భూమి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఇక ‘లాండ్’ స్పెల్లింగును మీరు మరువగలరా? మన ఊరితో ముడివేసుకొన్న మాట బట్టీ లేకుండానే నిలుస్తుంది.

మహబూబ్‌నగర్‌లో 11 అక్షరాలు. అందులో ‘హ్యూమన్’ ఉంది, ‘అర్బన్’ ఉంది. ఆరు అక్షరాల ‘హాంగర్’ కూడా ఉంది. అంటే విమానాలను నిలిపే షెడ్డు. బట్టలు తగిలించే హాంగరు వేరు. దానికి ఈ అక్షరం కావాలి, ఈ పేరులో అది లేదు.

ఒక చమత్కారం. ‘వికటకవి’ని తెలుగులో ఎటునుంచి చదివినా ఒకటే. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి వెనుకనుంచి చదవండి, ‘ఇవకటకివ్’ అవుతుంది! మన ‘వి’లో హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరం. ఇంగ్లీషులో అవి రెండుగా విడిపోతాయి. అందుకే ఆ భాషలో అక్షరాలను ఇంత సులభంగా విడదీసి, మళ్ళీ కూర్చవచ్చు.

ఈ నెల ప్రశ్న: మహబూబ్‌నగర్‌కు 1890లో ఆరవ నిజాం పేరు పెట్టకముందు పాలమూరు అని పేరు. ఇప్పటికీ అలా పిలుస్తారు. పాలమూరును పీ, ఏ, ఎల్, ఏ, ఎం, యూ, ఆర్, యూ అని వ్రాయండి. ఇందులో నాలుగు అక్షరాలు ఒక విధంగా పేరిస్తే రాత్రి వెలుగునిస్తుంది. అవే నాలుగు మరొక విధంగా పేరిస్తే తాటిచెట్టు జాతి పేరవుతుంది. ఆ రెండు మాటలేవి?

పెద్దలకు ఒక మనవి: జవాబు చెప్పకండి. నిఘంటువు చేతికివ్వండి. జవాబు వచ్చే నెలలో చూద్దాం.