వాహన విజ్ఞానం: కాంపర్ లాగుటకు పెట్రోలా, డీజిలా?



మన కుటుంబాలలోని పిల్లలు పలువురు నేడు అమెరికాలో స్థిరపడి ఉన్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులకు అక్కడ ఒక వింత వాహనం తారసపడుతుంది. వంటగది, పడకలు, స్నానాల గది అమర్చిన చిన్న ఇంటిని ట్రక్కు వెనుక తగిలించుకొని కుటుంబాలు విహారానికి బయలుదేరుతాయి. ఆ ఇంటినే కాంపర్ అంటారు. దానిని లాగుటకు గ్యాస్ ట్రక్కు కొనవలెనా, డీజిల్ ట్రక్కు కొనవలెనా అన్నది అక్కడి ఇళ్లలో నిత్యం సాగే చర్చ. ఇచట గ్యాస్ అనగా మన వంటింటి సిలిండరు కాదు, పెట్రోలు అని గ్రహించాలి.

పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని స్పార్క్ ప్లగ్గు రగిలిస్తుంది. డీజిల్ ఇంజనులో గాలిని తీవ్రంగా నొక్కినపుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. దీనికి టర్బోచార్జరు తోడగుటచే తక్కువ వేగంలోనే చక్రాన్ని తిప్పే బలం, అనగా టార్క్, అధికంగా లభిస్తుంది. 2020లో ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులకు వచ్చిన 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను టార్క్ 475 పౌండ్-అడుగులు కాగా, అదే ఏడాది 6.7 లీటర్ల డీజిల్ ఇంజనుకు 1,050.

కొండదారులలో ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది. కొలరాడోలోని ఐసెన్‌హోవర్ సొరంగం దాదాపు 11,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడికి చేరేసరికి మూడోవంతుకు దగ్గరగా శక్తి తగ్గిపోతుంది. ఎక్కుటకంటె దిగుట మరింత ప్రమాదకరం. నేటి పెద్ద డీజిల్ ట్రక్కులలోని ఎగ్జాస్ట్ బ్రేకు బండి వేగాన్ని అదుపు చేసి, చక్రాల బ్రేకులు కాగిపోకుండా కాపాడుతుంది.

ఇక వ్యయం. డీజిల్ ఇంజనుకు అదనంగా సుమారు 10,000 డాలర్లు చెల్లించవలెను. లాగునపుడు పెట్రోలు ట్రక్కు గ్యాలనుకు 9 మైళ్లు, డీజిల్ ట్రక్కు 12 మైళ్లు ఇచ్చునని, ఏటా 3,000 మైళ్లు లాగుదురని అనుకొందాం. ఆదా అయ్యేది 83 గ్యాలనులు. రెండు ఇంధనాల ధర 3.50 డాలర్లే అనుకొన్నా, మిగిలేది ఏటా 290 డాలర్లు మాత్రమే. లాగుడు ప్రయాణాల ఆదాతోనే పెట్టుబడి తిరిగి రావలెనన్న ముప్పై ఏళ్లు దాటుతుంది. పైగా మన దేశంలో వలె కాక, అక్కడ ఇటీవలి సంవత్సరాలలో సాధారణంగా డీజిల్ ధరయే ఎక్కువ. పొగను శుద్ధి చేయుటకు యూరియా ద్రవం పోయవలెను. మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రపరచుకొనుటకు తగినంత వేడి కావలెను గనుక, రోజూ చిన్న దూరాలే తిరిగే బండికి అది ఇబ్బంది కలిగించవచ్చు.

అయితే ఇంజనుకంటె ముందు చూడవలసినది బరువు. ట్రక్కు ఎంత లాగగలదన్న ప్రకటన ఒక్కటే చాలదు. ఎంత మోయగలదన్న అంకె డ్రైవరు తలుపు వద్ద అతికించిన చీటీలో ఉంటుంది. 3,000 కిలోల కాంపర్ తన బరువులో 10 నుండి 15 శాతం, అనగా 300 నుండి 450 కిలోలు, ట్రక్కుపై మోపుతుంది. 700 కిలోలు మోయగల ట్రక్కుపై కాంపర్ భారం 400, నలుగురు మనుషులు, సామాను 300 అయినచో ఇక చోటు లేదు. డీజిల్ ఇంజను బరువైనది కావున, అదే తరగతి ట్రక్కులో మోయగల బరువు మరికొంత తగ్గుతుంది.

కనుక మా సలహా ఇది. ఏడాదికి మూడు నాలుగు విహారాలు, మైదాన ప్రాంతం, తేలికపాటి కాంపర్ అయినచో పెట్రోలు ట్రక్కు చాలును. మిగిలిన సొమ్ము పిల్లల చదువుకు పనికివస్తుంది. బరువైన కాంపర్‌తో తరచుగా కొండలు దాటువారికి డీజిల్ శ్రేయస్కరం. ఏది కొన్నను, సామానంతా సర్దిన తరువాత తూకపు కాటాపై ఒకసారి నిలిపి చూడవలెను. బండిలో ఉండేది మన పిల్లలు, మనుమలు. ఈ పుటను వారికి పంపగోరువారు తప్పక పంపగలరు.