గృహిణీ ముచ్చటలు: ఆవలిదేశపు పన్ను లెక్కల బాకీ

ఋణమునందు గాని, నిప్పునందు గాని, రోగమునందు గాని శేషము మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుదురు. చిన్నదని విడిచిన బాకీ మూల గూర్చుండి పెరుగును. పాలవానికిని, పచారీ కొట్టునకును ఇయ్యవలసిన పైకమును నెల మొదటి వారముననే తీర్చి, ఆ మాట పద్దు పుస్తకమున వ్రాసికొను ఇల్లాండ్రు మనలో ననేకులు కలరు. అట్టి జాగరూకతగల యిండ్లలోనే కొన్నింట, ఇంటివారెఱుగని లెక్క యొకటి సముద్రముల కావల పేరుకొనుచున్నది. ఈ నెల దానినిగూర్చి ముచ్చటింపదలచితిమి.

ఉద్యోగార్థమై అమెరికా సంయుక్త రాష్ట్రములకు వెళ్లి, అచ్చటి పౌరసత్వమునో గ్రీను కార్డునో పొంది, పిమ్మట పెద్దల సేవకొఱకు మరల హైదరాబాదునకును విశాఖపట్టణమునకును విజయవాడకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. వారిలో నొక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె అచ్చట పౌరసత్వము పొందినవారు. భర్తగారు మాత్రము భారతపౌరులుగనే యుండిరి. తిరిగివచ్చి ఎనిమిదేండ్లయినది. ఇచ్చట నొక కళాశాలలో పాఠములు చెప్పుచు, జీతముపై పన్నును మన దొరతనమువారికి ఏటేట చెల్లించుచున్నారు. ఇటీవల బ్యాంకివారు ఒక కాగితమునిచ్చి, పన్నుల నిమిత్తము మీరు అమెరికాకు చెందినవారగుదురా యని అడిగి సంతకము చేయుమనిరట. ఈ యెనిమిదేండ్లును ఆ దేశమునకు లెక్కలు సమర్పింపవలసియుండెనని అప్పుడు గాని ఆమెకు దెలియలేదు. "కాదని వ్రాసిన నెవరికి దెలియును? ఔనని వ్రాసినచో, అమ్మాయి పెండ్లికని దాచిన సొమ్మంతయు జరిమానాలక్రింద పోవునేమో" యని ఆమె వాపోయినారు. ఇట్టి భయము మఱి పలువురకు నుండునని తోచి, బదులును ఇచ్చటనే వ్రాయుచున్నాము.

మన పూర్వులు రాజును షడ్భాగభాక్కనిరి. తన నేలపై పండిన పంటలో ఆఱవపాలు ఆతనిది. నేటికిని పెక్కు దేశములు, మన దేశమును, సామాన్యముగా నివాసమును బట్టియే పన్నడుగును. అమెరికావారి పద్ధతి వేఱు. వారి పౌరుడు గాని, గ్రీను కార్డు గలవాడు గాని భూమిపై నెచ్చట కాపురమున్నను, ఎచ్చట నార్జించినను, ఆ యాదాయమును వారికి జూపవలసినదే. పౌరసత్వమునుబట్టి పన్నడుగు దేశములు లోకమున మిక్కిలి యరుదు. ఆఫ్రికాయందలి ఎరిత్రియా అట్టిదే మఱియొకటి. కావుననే మన సోదరి తన స్వస్థలమున, తన వాకిట ముగ్గుపెట్టుకొనుచున్నను, ఆ శాఖవారి దృష్టిలో విదేశమున నివసించు పౌరురాలే.

గ్రీను కార్డునుగూర్చి పెద్దవారికొక మాట. కుమారుడు పిలిపింపగా వెళ్లి, కార్డు పుచ్చుకొని, చలికోర్వలేక తిరిగివచ్చిన తల్లిదండ్రులు కలరు. కార్డు బీరువాలో నుండును. దానిపై తేదీ దాటిపోవును. అంతటితో సంబంధము తీరెనని వారి తలంపు. తేదీ దాటినంత మాత్రమున పన్ను బాధ్యత తీరదు. ఐ-407 అను ఫారముతో కార్డును విధిగా వదలుకొనుట మొదలైన పనులు జరిగినగాని అది వదలదు. 65 ఏండ్లు నిండిన దంపతులిద్దఱును గలసి దాఖలు చేయునప్పుడు, 2024వ సంవత్సరమునకు వారి మొత్తము ఆదాయము 32,300 డాలరులకు లోబడినచో రిటరను సామాన్యముగా అక్కఱలేదు. ఐనను ఖాతాల తెలివిడి అను విధి వేఱుగా నున్నది; దానిని ముందు చెప్పుదుము.

ఇక "ఎవరికి దెలియును" అను మాట. 2010లో అమెరికావారు ఫాట్కా యను చట్టము చేసిరి. దాని ననుసరించి 2015 జూలైలో మన దేశమునకును వారికిని ఒడంబడిక జరిగినది. అమెరికాకు జెందినవారి ఖాతాల వివరములను మన బ్యాంకులు మన దొరతనమువారి మూలమున వారికి తెలుపుచున్నవి. బ్యాంకివా రడిగినది ఆ యొడంబడిక నిమిత్తమే. ఆ కాగితముపై కాదని వ్రాయుట బొంకు. అది పాత యేమరుపాటును క్రొత్త నేరముగా మార్చును.

ఇచ్చట మన ధర్మశాస్త్రకారులు చేసిన యొక భేదము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. బుద్ధిపూర్వకముగా చేసిన దోషము వేఱనియు, తెలియక చేసినది వేఱనియు, రెంటికిని ప్రాయశ్చిత్తమొక్కటి కాదనియు వారు నిర్ణయించిరి. అమెరికా పన్నుల శాఖవారును సరిగా నిట్లే విభజించిరి. ఉపేక్షచేత గాని, ఏమరుపాటుచేత గాని, చట్టమును సద్బుద్ధితోనే తప్పుగా గ్రహించుటచేత గాని లెక్కలు మానినవారికి వారొక రాజమార్గమును తెరచిరి. 2012లో నారంభమై 2014లో విస్తరించిన యీ పద్ధతికి స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి యని పేరు. నిన్నటివఱకు తెలియనివారు దీని కర్హులు. తెలిసిన పిమ్మట గూడ ఊరకున్నవారు నేటినుండి తెలిసినవారే యగుదురు. మన సోదరి కిప్పుడు తెలిసినది గనుక కాలయాపనమే అన్నిటికంటె ప్రమాదము. ఆ శాఖవారే ముందుగా విచారణ ప్రారంభించినచో ఈ ద్వారము మూతపడును.

నియమములివి. గడచిన 3 సంవత్సరములలో కనీస మొక యేట 330 పూర్ణదినములు అమెరికాకు వెలుపల గడపియుండవలయును. ఆ యేట అచ్చట కాపురపు నెలవు ఉండరాదు. గడువు దాటిన వానిలో ఇటీవలి 3 యేండ్ల రిటరనులను, 6 యేండ్ల ఖాతాల తెలివిడి పత్రములను సమర్పింపవలయును. చెల్లింపవలసిన పన్నున్నచో వడ్డీతో గూడ అప్పుడే చెల్లింపవలయును. ఇవి సత్యముగా నెఱవేర్చినవారికి ఆలస్యపు జరిమానాలు వేయరు. ఎనిమిదేండ్లకును ఎనిమిది రిటరనులు వ్రాయ నక్కఱలేదను మాట విని మన సోదరి కొంత యూపిరి పీల్చుకొందురుగాక.

రిటరనులను కాగితముపై సిద్ధపఱచి, ఒక్కొక్కదాని మొదటి పుట పైభాగమున 'స్ట్రీమ్‌లైన్డ్ ఫారిన్ ఆఫ్‌షోర్' అను మాటలను ఎఱ్ఱసిరాతో వ్రాసి, టెక్సాసు రాష్ట్రమునందలి ఆస్టిన్ నగరమునకు పంపవలయును. ఆ యెఱ్ఱ యక్షరములు మఱచినచో మన కాగితములు సామాన్యపు కట్టలలో గలసిపోవచ్చును. వీనితో 14653వ నంబరు ఫారమును జతపఱుపవలయును. అందు లెక్కలేల మానితిమో తన కథను తానే వ్రాయవలయును. "నాకు తెలియదు" అను నొక్క వాక్యము చాలదు. ఎప్పుడు వెళ్లితిమి, ఎప్పుడు తిరిగివచ్చితిమి, సొమ్మెచ్చట నుండి వచ్చినది, ఈ విధి యున్నదని ఎన్నడు తెలిసినది, ఎవరైన సలహా చెప్పిరా, అనుకూలమైనవియు ప్రతికూలమైనవియు దాపఱికము లేక చెప్పవలయును. దీనిని ఇతరుల జాబునుండి ఎత్తి వ్రాయరాదు. సంతకము చేయుట ప్రమాణము చేసినట్లే.

ఖాతాల తెలివిడి పత్రమునకు ఎఫ్‌బార్ అని వాడుక. అమెరికాకు వెలుపలనున్న ఖాతాలన్నింటి యత్యధికపు నిలువలను గూడగా సంవత్సరములో నొక్క దినమైనను 10,000 డాలరులు దాటినచో దీనిని పంపవలయును. ఒక్కొక్క ఖాతా చిన్నదే యైనను మొత్తమే లెక్క. తల్లితో గలసియున్న ఉమ్మడి ఖాతాయు, డిపాజిట్టులును, సొమ్ము తనది కాకున్నను సంతకపు టధికారము గల ఖాతాయు ఇందు చేరును. ఇది రిటరనుతోగాక వేఱుగా, కంప్యూటరు మూలముననే పంపదగినది. దీనిని పంపినందున పెండ్లి సొమ్ములో దమ్మిడీయైనను తఱుగదు. ఇది సమాచారమేగాని పన్ను కాదు. అమ్మాయి అచ్చటనే జన్మించియున్నచో ఆమెయు పౌరురాలే. ఆమె పేరిటి ఖాతాలకును ఈ నియమమే వర్తించును.

పంపకున్నచో దండన పెద్దదను మాట నిజమే. దానికొక మేర గలదనుటయు నిజమే. రుమేనియాలో జన్మించి, అమెరికా పౌరుడై, 1990లో మాతృదేశమునకు మరలివెళ్లిన బిట్నరు అను వర్తకుడు ఐదేండ్ల పత్రములను గడువులో పంపలేదు. ఖాతాకు 10,000 డాలరుల చొప్పున 272 పద్దులకు 27 లక్షల 20 వేల డాలరులను ఆ శాఖవారు విధించిరి. తెలియక చేసిన లోపమునకు జరిమానా ఖాతా కొకటి కాదు, ఏటి పత్రమున కొకటియే యని అమెరికా సుప్రీముకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. అతని బాధ్యత 50,000 డాలరులకు దిగినది. న్యాయమూర్తులలో ఐదుగురొక వైపును నలుగురొక వైపును నిలిచిరి. తక్కువయైనను అది పెద్ద మొత్తమే. స్వయముగా ముందుకు వచ్చి రాజమార్గమున నడచినవారికి ఆ జరిమానాయు లేదు.

ఇక పన్నెంత? పెక్కుమందికి సున్నయో, స్వల్పమో యగును. విదేశమున కష్టించి యార్జించిన జీతములో 2024వ సంవత్సరమునకు 1,26,500 డాలరులవఱకు మినహాయింపు కోరవచ్చును. అది గాక, మన దేశమున చెల్లించిన పన్నును అచ్చటి పన్నులో తగ్గించుకొను మార్గమును గలదు. కాని రిటరను వ్రాసినగాని యీ మినహాయింపులు తమంత తాము రావు. మన సోదరివలె భర్త విదేశీయుడై, తాను వేఱుగా దాఖలు చేయు భార్యకు, ఏటి యాదాయము 5 డాలరులున్నను రిటరను వ్రాయవలసినదే. ఆలుమగల జీతములు గలిసిననే లెక్క యను భ్రమ మానవలయును.

కొన్ని చోట్ల జాగ్రత్త యవసరము. వడ్డీ, అద్దె, పింఛను కష్టార్జితమున చేరవు. ఆ మినహాయింపు వానికి లేదు. ఇచ్చట పన్ను లేని పి.పి.ఎఫ్. వడ్డీ అచ్చట ఆదాయమే. మన మ్యూచువల్ ఫండులకు వారి చట్టమున కఠినమైన ప్రత్యేక నిబంధనలు గలవు. 8621వ నంబరు ఫారము వానికొఱకే. మన లెక్కల సంవత్సరము ఏప్రిలులోను, వారిది జనవరిలోను మొదలగుటచే, వారి యొక్క సంవత్సరమునకు మన రెండు సంవత్సరముల కాగితములు చూడవలసివచ్చును. కావున ఉభయ దేశముల లెక్కలెఱిగిన నిపుణుని ఆశ్రయించి, ప్రతిఫలమెంతయో ముందే వ్రాతమూలమున తెలిసికొనుట మేలు. తెలిసియే దాచినవారు మాత్రము ఏ ఫారమును ముట్టకముందే న్యాయవాదిని చూడవలయును.

"పాతవి పోనిమ్ము, ఈ యేటినుండి మొదలుపెట్టుదము" అని కొందఱు సలహా చెప్పుదురు. రిటరను దాఖలైనపుడే విచారణ గడువు పరిగెత్తుట యారంభించును. అది సామాన్యముగా మూడేండ్లు. దాఖలు కాని యేటికి గడువే లేదు, ఇరువదేండ్లకైనను అడుగవచ్చును. మీకు తిరిగి రావలసిన సొమ్మునకు మాత్రము మూడేండ్లు దాటిన హక్కు చెడును. ఇంతకంటె శేషము మిగుల్పరాదనుటకు దృష్టాంతమేమి కావలయును?

సోదరీమణులారా, సంతకమునుగూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. దంపతులు గలసి వ్రాసిన రిటరనుపై భార్య చేసిన సంతకము, అందలి పన్నంతటికిని ఆమెను గూడ బాధ్యురాలిని చేయును. భర్త దాచినది భార్యకు తెలియదని నిరూపించి ఉపశమనము కోరుటకు 8857వ నంబరు ఫారమున్నది. కాని పిమ్మట నిరూపించుటకంటె ముందు చదువుట సులభము. "వారు పెట్టమన్నచోట పెట్టితిని" అనుట గృహిణికి తగదు. లెక్క చూపుమని యడుగుట అవిశ్వాసము కాదు, సహధర్మమే.

ఒక యట్టపెట్టె తీసికొని ఈ కాగితములు చేర్చి యుంచుడు: పాసుపోర్టుల నకళ్లు, ప్రయాణపు తేదీలు, జీతపు ఫారము 16లు, మన పన్నుశాఖవారి 26ఏయస్ పత్రములు, ప్రతి ఖాతాకును ఆఱేండ్ల బ్యాంకి లెక్కలు. పాత లెక్కలకై బ్యాంకివారికి నేడే అర్జీ పెట్టుడు. అవి వచ్చుట కాలస్యమగును. ఖాతాల పట్టిక వ్రాసి, ఏటికి అత్యధికపు నిలువ యెంతయో ప్రక్కన గుర్తుపెట్టుడు. బడిపంతులుగారి జీతముతో నిల్లు గడపుచు నేర్చినదేమనగా, సొమ్ము తక్కువైనను లెక్క సరిగానున్న యింట నిద్ర పట్టును. మన సోదరి బ్యాంకి కాగితముపై ఔననియే వ్రాసి, ఈ మాసముననే పెట్టె తెఱతురని నమ్ముచున్నాము. వచ్చు నెల, వీలునామా లేని యింట స్త్రీల హక్కులనుగూర్చి ముచ్చటింతుము.