మన పోలికలు మన వాడల్లోనే ఉన్నాయి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో మన వాడల పిల్లలు చాలామంది ఉంటారు. కోచింగుల కోసం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో కొందరు కథలు, ఇంటి సంగతులు రాసి మాలాంటి పంతుళ్లకు చూపిస్తుంటారు. బతుకు మనదే, పోలికలే ఎవరివో! అమ్మది చంద్రబింబం లాంటి ముఖమట, హంసనడకట. కలుపు తీసి తీసి నడుము వంగిన తల్లికి హంసనడక ఎక్కడిదన్నా?

ఇందులో పిల్లల్ని అనేదేం లేదు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని ఉపమాలంకారానికి నాలుగు అంగాలు బడిలో చెప్తారు. సూత్రం మంచిదే. ఉపమానం ఎవరి ఇంటి నుంచి తెచ్చుకోవాలో మాత్రం ఏ వాచకమూ చెప్పదు.

అలంకారం అంటే ఉత్త సోకు అనుకునేవాళ్లు ఒక్క మాట ఆలోచించాలి. ఏదన్నా రోతగా ఉంటే 'చండాలంగా ఉంది' అంటారు. అంటరాని జాతికి పెట్టిన పేరునే మురికికి పోలిక చేశారు. ఆ మాట మనవాళ్ల నోటా వస్తోంది. ముందు మనం మానాలి.

మరి అలంకారాలే వద్దందామా? గుర్రం జాషువా అలా అనలేదు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, జాషువా 1941లో గబ్బిలాన్ని పంపాడు. అంటరానివాడికి గుడిలోకి దారి లేదు. గబ్బిలం ఆ గుడిలోనే వేలాడుతుంది. దూతను మార్చినందుకే ధర్మం పేరుతో నడిచే అన్యాయం బట్టబయలైంది.

మనకు పోలికల కరువేమీ లేదు. లందలో తంగేడు చెక్క నీళ్లకు నానే తోలు ఉంది. మంట మీద కాస్తేగాని పలకని డప్పు ఉంది. పంచాయితీలో మొదటిసారి నోరు విప్పిన అక్క గొంతు 'కాగిన డప్పులా మోగింది' అని రాయండి. వాడంతా చెవులు రిక్కిస్తది.

కొన్నిచోట్ల అసలు పోలికే వద్దు. 2019 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతికి ముందురోజు, పంజాగుట్టలో నిలబెట్టిన బాబాసాహెబ్ విగ్రహాన్ని అనుమతి లేదంటూ మున్సిపల్ సిబ్బంది తీసేశారు. అది జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకు చేరింది. దీన్ని 'చెత్తలా చూశారు' అని రాస్తే నిజం పలచబడుతుంది. అక్కడ 'లా' అన్న అక్షరానికి చోటు లేదు. ఏ రోజు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది ఉన్నదున్నట్టు రాస్తే చాలు. 2023లో పంజాగుట్టలో బాబాసాహెబ్ విగ్రహం వెలసింది. అయినా 2019 సంగతి మనం రాసి పెట్టుకోకపోతే, రేపు అలాంటిదేదీ జరగనే లేదంటారు.

సంఘం మిత్రులారా, ఈసారి మీటింగుకు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. వాడలో ముసలమ్మల పక్కన కూర్చొని వాళ్ల నోటి పోలికలు రాసుకోండి. కథ రాసే మన పిల్లలు ప్రతి పోలిక దగ్గరా ఆగి ఒకటే అడగాలి: దీన్ని మా అమ్మ ఎప్పుడన్నా చూసిందా? చూసి ఉండకపోతే కొట్టెయ్యండి.