సంచిలోని మాత్రలన్నీ కావాలా?

చిత్తూరు దగ్గరి పల్లెలో 78 ఏళ్ల తాత ఉన్నాడనుకుందాం. బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన సంచి నిండా మాత్రలే. ‘ఈ చిన్న మాత్ర ఎందుకు మామా?’ అని కోడలు అడిగితే, ‘ఏమోమ్మా, ఎప్పుడో రాసిచ్చినారు, మింగతా ఉండా’ అంటాడు. ఇలాంటి సంచి ఈ పక్క చాలా ఇళ్లలో ఉంటుంది. బీపీకి ఊళ్లో డాక్టరు, గుండెకు తిరుపతి, కీళ్లకు సరిహద్దు దాటి వేలూరు. ఏ చీటీకి ఆ చీటీ సరైనదే కావచ్చు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసేదెవరు?

తాతకు బీపీ కోసం ఆమ్లోడిపిన్ మోతాదు పెంచారు. పాదాలు వాచాయి. ఆ మందుతో తరచూ వచ్చే వాపే అది. కొత్త జబ్బనుకుని నీరు లాగే మాత్ర కలిపారు. రాత్రిళ్లు మూత్రానికి పదేపదే లేవాల్సి వచ్చింది. నిద్ర చాలట్లేదంటే అల్‌ప్రజోలామ్ తోడైంది. ఆ మత్తులో లేచి, దొడ్డివైపు నడుస్తూ తూలిపడితే? తుంటి ఎముక విరిగితే పుత్తూరు కట్టుతో తీరే బాధ కాదు. మొదట్లోనే బీపీ మాత్ర మార్చి ఉంటే తర్వాతి రెండూ అక్కర్లేకపోయేవేమో! మందు తెచ్చిన ఇబ్బందికి మరో మందు... దీన్నే వైద్యులు ‘ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్’ అంటారు.

వయసు మీదపడ్డాక మూత్రపిండాల వేగం తగ్గుతుంది. నలభైలో సరిపోయిన మోతాదే ఎనభైలో ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకు వీలైనంతవరకూ ఇవ్వకూడని మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో తయారుచేశారు. దాన్ని 2023లోనూ సవరించారు. నిద్రమాత్రలతో పాటు, షుగరును ఉన్నట్టుండి పడగొట్టే గ్లిబెన్‌క్లమైడ్ కూడా అందులో ఉంది. ‘గుండెకు మంచిది’ అని రోజూ వేసుకునే ఆస్పిరిన్ సంగతీ మారింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో సుమారు 19 వేలమంది ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. గుండెజబ్బు లేనివాళ్లకు దానివల్ల చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది. స్టెంటు వేయించుకున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లు సొంతంగా మానితే ప్రాణం మీదికొస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇది చదివి రేపే సంచి ఖాళీ చేసేవాళ్లూ ఉంటారు! అటెనొలాల్ లాంటివి ఠక్కున ఆపితే గుండెపోటు రావచ్చు. చాన్నాళ్లుగా వాడుతున్న అల్‌ప్రజోలామ్ ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు రావచ్చు. దాన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. స్టెరాయిడ్లూ అంతే. గ్యాస్ మాత్ర చాలామందికి ఏళ్లతరబడి అక్కర్లేదు. కానీ హఠాత్తుగా ఆపితే మంట తిరగబెడుతుంది. పైగా రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు కడుపులో రక్తస్రావం కాకుండా కాపాడేది అదే కావచ్చు.

కాబట్టి ఏడాదికోసారైనా సంచిని సంచిలాగే డాక్టరు బల్లమీద పెట్టాలి. పక్కింటివాళ్లిచ్చిన నొప్పి మాత్ర, నాటుమందు పొట్లం, కంటి చుక్కలు... ఏదీ దాచొద్దు. ఒకే మందు రెండు పేర్లతో రెండు డబ్బాల్లో దొరకడమూ మామూలే. తగ్గించేటప్పుడు ఒకసారికి ఒక్కటే. ఏ రోజున ఏది తగ్గించారో గోడమీది క్యాలెండరులో కోడలు రాసిపెడితే, పది రోజులకు తాతకు తల తిరిగినా, నిద్ర బాగా పట్టినా, దేనివల్లో డాక్టరు చెప్పగలుగుతాడు.